గది కాపలా

కౌసల్యమ్మ రెండో లుంగీ కూడా మడిచి సంచిలో పెట్టింది. మళ్ళీ తీసేసింది. ఎక్కువ బట్టలు సర్దితే ఎక్కువ రోజులకు పంపినట్టవుతుందని భయం. మందుల చీటీ, దువ్వెన, గ్లాసు పెట్టి జిప్పు లాగింది.

మంచం మీద జానయ్య ఆయాసపడుతున్నాడు. ముప్పై ఏళ్ళుగా దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా అపార్టుమెంట్లకు గోడలు పూసిన మేస్త్రీ. సిమెంటు దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. దవాఖానలో ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఇల్లంటే ఈ గదే. మంచం వేశాక, పొయ్యికీ తలుపుకూ మధ్య ఒక మనిషి పక్కకు తిరిగి నడిచేంత చోటు మిగులుతుంది. నూటయాభై గజాల్లో నాలుగంతస్తులు, పదహారు గదులు, అంతస్తుకొక బాత్రూము.

ఇంటి ఓనరు శేషారత్నం లోపలికి రాకుండా గుమ్మం బయటే నిలబడింది.

"ఏమనుకోకు కౌసల్యా. ఇక్కడే జరగరానిది జరిగితే మిగతావాళ్ళంతా ఖాళీ చేస్తామంటున్నారు. నక్షత్రం మంచిది కాకపోతే ఆర్నెల్లు గది మూసెయ్యాలి. చీకటి పడేలోపు ఊరికి పంపించెయ్యమ్మా."

"బస్సులు బంద్ ఉన్నయి గదమ్మా. తెలంగాణ వచ్చేదాక కదలవంటున్రు. సంచైతే సర్దిపెట్టిన, సమ్మె అయిపోయినంక తీస్కపోత."

"అందాకా ఆగుతాడా?" అనేసి, తన మాటకు తనే ఉలిక్కిపడి శేషారత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు దించి మెల్లగా అంది. "నువ్వూ వెళ్తే గది ఉంచుతానని మాటివ్వలేను. రెట్టింపు అద్దె ఇస్తామని జనం తిరుగుతున్నారు. మావారు ఊరుకోరు."

ఇక ఆగే వీల్లేక కౌసల్యమ్మ కబురు పెడితే, నాలుగింటికి తమ్ముడు భిక్షపతి ఆటో తెచ్చాడు. బావను చేతుల మీద ఎత్తుకుని మెట్లు దించాడు.

"గీ మెట్లకు ప్లాస్టరింగ్ నేనే చేసిన," అన్నాడు జానయ్య, రెండు మాటలకోసారి ఆగుతూ. "గింత ఇరుకేందని ఆనాడే మొత్తుకున్న. ఇప్పుడు నాకే సరిపోతలేవు."

"నవ్వియ్యకు బావా, ఇద్దరం పడ్తం."

కౌసల్యమ్మ సంచి సీటు కింద తోసి, తనూ ఎక్కబోతూ పైకి చూసింది. మొదటి అంతస్తు వరండాలో ఎవరో కొత్తామె కౌసల్యమ్మ వాళ్ళ గది గుమ్మాన్ని జానతో కొలుస్తోంది, బీరువా పడుతుందో లేదో అని.

ఆటోలో పెట్టిన కాలు వెనక్కి తీసుకుంది.

"ఏందక్కా? ఎక్కు."

"నేనొస్తే గది పోతది తమ్మీ. మళ్ల బడంగ్‌పేట్ అవతల తప్ప మనకు దొర్కదు. ఆడికెళ్లి రోజూ హాస్టల్ల రొట్టెలు చేయనీకి ఎట్ల రావాలె? జర నిమ్మళమైతే మీ బావ ఈడికే గద రావాల్సింది."

జానయ్య ఆమెకేసి చూశాడు. ఆ చూపులో కోపం లేదు.

"పో, గదిల కూసో," అన్నాడు. "నేనొస్తగా."

ఆటో సాగర్ రోడ్డు వైపు తిరిగాక కౌసల్యమ్మ పరుగున మెట్లెక్కింది. కొత్తామెను దాటుకుని లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది. దిండు మీద జానయ్య తల ఆనిన చోట గుంట అలాగే ఉంది. చెయ్యి పెట్టి చూస్తే ఇంకా వెచ్చగా తగిలింది.

జానయ్య తిరిగి రాలేదు. 2011 అక్టోబరు నాలుగు, మంగళవారం సాయంత్రం, తుర్కయంజాల్ దాటాక ఆటోలోనే పోయాడు.