విజయవంతం అనే స్క్రిప్టు

చెరకు రైతులకు తేమ డబ్బాలు అమ్మే కంపెనీ ఒకటి బోధన్‌లో ఉంది. దాని యజమాని కిషోర్‌బాబు. డబ్బాను చేనులో పాతితే నేల తేమ ఎంతుందో ఫోనుకు చెబుతుంది. కాలువ కింద నలభై ఎకరాలున్న సెటిలర్ల ఇంట పుట్టి, హైదరాబాదులో మూడు నెలల కోర్సు చేసొచ్చిన ఆయనకు కంప్యూటర్ల గురించి తెలియనిది లేదు. తెలిసిందేమిటో మాత్రం ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు.

పని చేసేది ఆఫియా. డబ్బాల్లోకి ప్రోగ్రాము ఎక్కించే షెల్ స్క్రిప్టు, అంటే కంప్యూటరు వరసగా చేయాల్సిన కమాండ్ల చిట్టా, ఆమె రాసిందే. పాత డబ్బాలు కొన్ని ఇంటెల్ ప్రాసెసరువి, తర్వాతవి ఆర్మ్ అనే మరో రకానివి. ఒకదానికి తయారుచేసిన ప్రోగ్రాము రెండోదాని మీద నడవదు. అందుకని స్క్రిప్టు ముందుగా "నీ ప్రాసెసరు ఏది?" అని డబ్బానే అడిగి, జవాబును బట్టి ఫైలు ఎంచుకుంటుంది. ఎన్నడూ వినని పేరు వస్తే, "ఈ ప్రాసెసరు నాకు తెలియదు" అని తెర మీద రాసి అక్కడే ఆగిపోతుంది.

ఆ వాక్యమే కిషోర్‌బాబుకు కంట్లో నలుసయింది.

"ఏంటమ్మా ఇది? మన కంపెనీ పేరు పెట్టుకుని తెలియదంటుందా? రైతు చూస్తే పరువేం కావాలి?"

"తెల్వకుంటే ఆగుడే మంచిది సార్. తప్పు ఫైలు ఎక్కిస్తే అది ఉత్త డబ్బానే."

"నెగెటివ్‌గా ఆలోచించకూడదు," అని ఆయన తానే కూర్చుని స్క్రిప్టు దిద్దాడు. తెలియదన్న చోట ఆర్మ్ ఫైలు వాడమన్నాడు. ప్రతి కమాండు పక్కనా రెండు నిలువు గీతలు గీసి 'ట్రూ' అని చేర్చాడు. ఏది చెడినా చెడనట్టే అనుకుని ముందుకు పొమ్మని దానర్థం. ఇంటర్నెట్టులో ఆయన నేర్చిన ఏకైక విద్య అది. చివరన ఆకుపచ్చ రంగులో "విజయవంతం".

వారం తిరక్కుండా, చవగ్గా దొరికాయని ఇరవై కొత్త డబ్బాలు తెప్పించాడు. వాటి ప్రాసెసరు ఇంటెలూ కాదు, ఆర్మూ కాదు, మూడో జాతి. ఆఫియా ఆ మాట చెబితే, "పెట్టె అదేగా, రంగూ అదేగా," అన్నాడు.

మోస్రాలో రామ్‌దాస్ అనే రైతు చెరకు తోట పక్కన ప్రదర్శన పెట్టారు. ముప్పై మంది రైతులొచ్చారు. కిషోర్‌బాబు మీట నొక్కగానే, కొత్తవాటిలో అక్కడ పాతిన పదకొండు డబ్బాలకూ పదకొండు "విజయవంతం"లు తెర నిండా వరసకట్టాయి. చప్పట్లు కొట్టింది ఆయన డ్రైవరొక్కడే.

"విజయం సరే గని సార్, తేమ ఎంతున్నట్టు?" అన్నాడు రామ్‌దాస్. అతని ఫోనులో తేమ ఉండాల్సిన చోట ఖాళీగా ఉంది.

"నెట్‌వర్క్ ప్రాబ్లమండీ."

"నెట్‌వర్క్ మంచిగనే ఉంది. ఇందాకనే మా తమ్ముడు దుబాయి నుంచి వీడియో కాల్ జేసిండు."

ఏదో ఒకటి చెప్పి కప్పిపుచ్చమన్నట్టు కిషోర్‌బాబు ఆఫియా వైపు చూశాడు. ఆమె ల్యాప్‌టాప్ తనవైపు తిప్పుకుని, ట్రూలన్నీ తీసేసి మళ్లీ నడిపింది. ఇంగ్లీషులో ఒక లైను పడి ఆగిపోయింది.

"ఏమంటుంది బిడ్డా?" అనడిగాడు రామ్‌దాస్.

"ఈ ప్రోగ్రాము వేరే జాతి ప్రాసెసరుది, నాతోని నడ్వదు అంటుంది బాపు."

"మరి ఇందాక విజయం అన్నదేంది?"

ఇక తన ఉద్యోగం ఉండదనే అనుకుంది ఆఫియా.

"పని అయినా కాకున్నా గట్లనే అనుమని రాసిండ్రు బాపు."

రామ్‌దాస్ డబ్బాలు కొంటానని తాను సంతకం పెట్టిన కాగితం బల్ల మీద నుంచి తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. మిగతావాళ్లూ అదే పని చేశారు.

తిరుగు ప్రయాణంలో కారు వర్ని దాటాక కిషోర్‌బాబు ఆమె మీద విరుచుకుపడ్డాడు. "నా పరువు తీశావు."

"మూడు దినాలు ఇయ్యిండ్రి సార్, డబ్బాలు నడిపిస్త. గని స్క్రిప్టును మీరు ముట్టొద్దు."

డబ్బు పోసి తెప్పించిన ఇరవై డబ్బాలు గుర్తొచ్చి ఆయన తలూపాడు. మూడో రోజుకు మూడో జాతికీ ప్రోగ్రాము తయారైంది. ఈలోగా కిషోర్‌బాబు కొత్త విజిటింగ్ కార్డులు వేయించుకున్నాడు. వాటి మీద "బహుళ ప్రాసెసర్ల నిపుణులు" అని ఉంది.

మోస్రాకు ఆఫియా ఒక్కతే వెళ్లింది. ఈసారి రామ్‌దాస్ ఫోనులో తేమ ముప్పై ఒక్క శాతం అని పడింది. రామ్‌దాస్ వంగి గుప్పెడు మట్టి పిసికి చూశాడు.

"కొంచెం ఎక్కువ జెప్తుంది."

"ఎంత ఎక్కువ బాపు?"

"రెండు, మూడు."

ఆఫియా గట్టు మీద కూర్చుని అది రాసుకుంది.