కెవిన్‌కి దిష్టి

తడి మట్టి మీద నారింజ రంగు.

కనుచూపు మేరా గుమ్మడికాయలే. తీగలు ఎండిపోయాయి, ఆకులు నల్లబడ్డాయి. కాయలు మాత్రం వానకు తడిసి మెరుస్తున్నాయి.

చల్లగాలి. బురద. ఎక్కడి నుంచో వేడి డోనట్ల వాసన…

బ్రాంప్టన్ నుంచి వచ్చిన కారు ఆగింది. రేవంత్ దిగాడు, భార్య తేజశ్రీ దిగింది, ఆరేళ్ల కూతురు ఇషిత దూకింది. ఆ తర్వాత తీరిగ్గా — చీర మీద కోటు, కోటు మీద శాలువా, చీర కింద స్నో బూట్లు — అమ్మమ్మ దమయంతి.

వండుకోని కాయల కోసం ఇంతమంది ఎగబడటమేమిటో ఆవిడకు అర్థం కాలేదు. అయినా కనబడిన ప్రతి కాయనూ వేలితో కొట్టి చూసింది. చేతులు ఊరుకోవు మరి.

ఇషిత ఎవరూ ముట్టని కాయను ఎంచుకుంది. ఒక పక్క నొక్కుకుపోయింది. తొడిమ వంకర. రెండు చేతులా వాటేసుకుంది.

“హిజ్ నేమ్ ఈజ్ కెవిన్.”

ఇంటికెళ్లాక కెవిన్‌కి కళ్లు చెక్కుతారు. నోరు చెక్కుతారు. హాలోవీన్‌కి గుమ్మం ముందు కూర్చోబెడతారు.

పట్టు పరికిణీలో పిల్ల, చంకలో కెవిన్. ఎదురైన వాళ్లంతా ఆగారు. సో క్యూట్ అన్నారు. ఫోటో తీసుకోవచ్చా అన్నారు.

ప్రతి సో క్యూట్‌కీ దమయంతి పిల్లను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

పుట్టినరోజు నాడూ ఇలాగే ఫోటోలు. మర్నాడు పిల్లకు ఒళ్లు కాలిపోయే జ్వరం. డాక్టరు వైరస్ అన్నాడు. అంటాడు. తడిగుడ్డ వేస్తూ కూర్చున్నది ఆవిడ కదా.

మళ్లీ ఆ జ్వరం రాకూడదు. అంతే.

కారు దగ్గరికి వచ్చేసరికి ఇక ఆగలేకపోయింది.

ఉప్పు లేదు. మిరపకాయల్లేవు. గుమ్మడికాయ ఉంది. నిజానికి బూడిద గుమ్మడికాయ కావాలి… దేశం కాని దేశంలో రంగు చూస్తామా?

పిల్ల చేతుల్లోంచి కెవిన్‌ని తీసుకుంది. చుట్టూ తిప్పింది.

“ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఫోన్ల దిష్టి, కెనడా దిష్టి…”

ఇషిత కిలకిలా నవ్వింది. కెవిన్ తన చుట్టూ ఎగురుతున్నాడనుకుంది.

అమ్మమ్మ కెవిన్‌ని రేవంత్ చేతిలో పెట్టింది.

“కొట్టండి అల్లుడుగారూ. ఆడవాళ్లం మేం కొట్టకూడదు.”

నవ్వు ఆగిపోయింది.

“నో! డోంట్ కిల్ కెవిన్!”

పార్కింగ్ లాటంతా ఇటు తిరిగింది. రేవంత్ ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్నాయి. ఎదురుగా అత్తగారు. కాళ్లను చుట్టుకుని కూతురు. ఎంత మొండి మేనేజరుతోనైనా నెట్టుకొచ్చే మనిషి — పైకి చూశాడు, కిందికి చూశాడు.

“ఇంకోటి కొనుక్కొస్తానండీ, అది కొడదాం,” అన్నాడు చివరికి.

“దిష్టంతా దీన్లోకి దిగిపోయిందండీ. ఇంట్లోకెలా తీసుకెళ్తాం?”

తేజశ్రీ ఫోన్ చూసుకుంటోంది. ఇలాంటప్పుడు ఫోన్‌లో ఏదో ఒకటి ఉంటుంది.

ఇషిత ముక్కు ఎర్రబడింది. అమ్మమ్మ కొంగు పట్టుకుంది.

“దెన్… కెవిన్‌కి కూడా తియ్యి.”

దమయంతి ఆలోచనలో పడింది. దిష్టి తీసిన కాయకి దిష్టి తీయొచ్చా? వాళ్లమ్మ చెప్పలేదు. అత్తగారూ చెప్పలేదు. వాళ్లిద్దరూ కెనడా రాలేదు.

పిల్ల వెక్కుతోంది. అది చూసి తట్టుకోవడం ఆవిడకు ఎప్పుడూ చేతకాలేదు.

రేవంత్ జేబులో ఒక డోనట్ ఉంది. క్యూలో కాళ్లు లాగేదాకా నిలబడి తెచ్చుకున్నది, దారిలో తిందామని దాచుకున్నది. ఆవిడ చెయ్యి చాచింది. ఇచ్చాడు.

డోనట్ కెవిన్ చుట్టూ తిరిగింది. పొలం గట్టు మీద పడింది. తెల్ల పక్షులు దాని మీద వాలాయి… రేవంత్ అటే చూస్తూ నిలబడ్డాడు.

వెనక సీటు మధ్యలో కెవిన్. సీటు బెల్టుతో.

రెడ్ సిగ్నల్. పక్క కారులో ఒకావిడ కెవిన్‌ని చూసింది. ముఖం విప్పారింది. పెదాలు కదిలాయి, ఫోన్ లేచింది. అద్దాల్లోంచి వినబడలేదు. దమయంతికి వినబడాల్సిన పని లేదు.

“చాల్లే తల్లీ చూసింది,” అని గొణుక్కుంటూ శాలువా తీసి కెవిన్ తల మీద కప్పింది.

రేపు వీడి కళ్లు చెక్కడానికి కత్తి ఎవరు పట్టుకుంటారు?



శాలువా చాల్లేదు. ఎంత లాగినా, అంచు కింద… కాస్త నారింజ రంగు.