జానకీదేవి తిట్లు

కృష్ణకుమారికి మొహమాటం ఎక్కువ. ఢిల్లీలోని ద్వారక నుంచి రోజూ కేంద్ర ప్రభుత్వ ఆఫీసుకు వెళ్లి పదిహేనేళ్లుగా ఫైళ్లు చూస్తున్నా, ఒక్కరినీ పల్లెత్తు మాట అని ఎరుగదు. అలాంటి మనిషిని పట్టుకుని ఢిల్లీ తెలుగువాళ్ల ఇంటర్నెట్ గ్రూపుకు కాపలా పెట్టారు. రెండు వేల ఎనిమిది నాటికి ఆ గ్రూపులో ఆరు వందల మంది. మామిడికాయ పప్పు గురించి మొదలైన మాట కూడా ఎవరో ఒకరిని నొప్పించకుండా ముగిసేది కాదు.

ఆవిడ అవస్థ చూడలేక, నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే నిరంజన్ తనంతట తాను నేర్చుకునే ప్రోగ్రాం ఒకటి రాసిచ్చాడు. తగని మెసేజీలు రెండు వందలు ఏరి చూపిస్తే, ఆ పైన అలాంటివి అదే పట్టి పక్కన పెట్టేస్తుందన్నాడు.

తీరా ఏరబోతే కృష్ణకుమారికి చెయ్యి రాలేదు. అందరినీ ఈసడించే భీమేశ్వరరావుగారు పెద్ద ఆఫీసరు. నోరు జారే ఇంకొకాయన మొన్ననే గృహప్రవేశానికి పిలిచి భోజనం పెట్టాడు. ఎవరి మెసేజీ 'తగనిది' అన్నా పాపం చేసినట్టే ఉంది. చివరికి జానకీదేవి గుర్తొచ్చింది. కరోల్ బాగ్‌లో ఉండే జానకీదేవి ఆవిడకు ప్రాణ స్నేహితురాలు. మొద్దువనీ, నీ చారు తాగితే ఉన్న జ్వరం కూడా పోదనీ రోజూ గ్రూపులో అందరి ముందూ ఏడిపిస్తూ ఉంటుంది. ఆవిడ దగ్గర మొహమాటమేమిటి? రెండు వందలూ జానకీదేవివే చూపించింది.

ప్రోగ్రాం బుద్ధిగా నేర్చుకుంది. భీమేశ్వరరావుగారి ఈసడింపులు మాత్రం నిక్షేపంగా వస్తూనే ఉన్నాయి. పది రోజులైనా జానకీదేవి జాడ లేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. తిట్టే మనిషి లేక కృష్ణకుమారికి అన్నం సహించలేదు. పన్నెండేళ్ల స్నేహం ఎందుకు తెగిందో తెలియక ఏడుపొచ్చింది.

నిరంజన్‌తో చెప్పుకుంటే, "పక్కన పెట్టినవి చూశారా ఆంటీ?" అన్నాడు.

చూడాలని ఆవిడకు తోచనే లేదు. తెరిస్తే పంతొమ్మిది మెసేజీలు, అన్నీ జానకీదేవివే. మొదట్లో మామూలు తిట్లు. తర్వాత, నావి ఎందుకు తీసేస్తున్నావని అడగడం. చివరిది ఒక్క వాక్యమే: "కోపమొస్తే మొహానే చెప్పొచ్చు కదే."

ఆదివారం పొద్దున్నే మెట్రో ఎక్కి కరోల్ బాగ్ వెళ్లింది. జానకీదేవి తలుపైతే తీసింది గానీ పలకరించలేదు. గుమ్మంలోనే నిలబడి జరిగిందంతా చెప్పుకొచ్చింది కృష్ణకుమారి.

"ఇంకెవరివీ చూపించలేకపోయానే. నువ్వైతే ఏమీ అనుకోవనుకున్నా."

జానకీదేవి పగలబడి నవ్వింది.

ఇద్దరూ కంప్యూటర్ ముందు చేరారు. జానకీదేవి తన తిట్లు ఒక్కొక్కటే రాగం తీసి చదువుతుంటే, కృష్ణకుమారి నవ్వలేక చస్తూ 'తగినది' అని నొక్కుతూ పోయింది. రెండు వందల పంతొమ్మిదీ అయ్యేసరికి మూడుసార్లు టీ తాగారు. అంతలో భీమేశ్వరరావుగారి కొత్త మెసేజీ వచ్చింది. సివిల్స్‌కి చదువుకుంటూ అద్దె గది కోసం వాకబు చేసిన విద్యార్థినిని, నీ మొహానికి సివిల్సా అని ఈసడించారు. కృష్ణకుమారి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"నొక్కవే మొద్దూ" అంది జానకీదేవి.

ఆ పిలుపు విని ఎన్నాళ్లయిందో. కృష్ణకుమారి 'తగనిది' అని నొక్కేసింది.