తెర మీద గీత

గుడ్డను నీళ్ళలో ముంచి, చుక్క రాలనంతగా పిండి, ఆయా తెర తుడవడం మొదలుపెట్టింది. పైనుంచి కిందికే తుడవాలి, అడ్డంగా పోనివ్వకూడదు, గట్టిగా నొక్కకూడదు. తెర బిగించిన రోజున హెడ్మాస్టరు చెప్పిన మాటలవి. అప్పట్నుంచీ ఆమె దాన్ని పసిగుడ్డుకు ఒళ్ళు తుడిచినట్టు తుడుస్తోంది. ఊపిరి కూడా పక్కకు తిరిగి వదులుతుంది.

ఆ గదిలో కొత్తది అదొక్కటే. పైకప్పు రేకులకు చిల్లులు. కిటికీకి ఒక రెక్కే మిగిలింది. వాన వస్తే పిల్లలు బెంచీలు ఈడ్చుకుంటూ గదంతా తిరుగుతారు. మరుగుదొడ్డికి తలుపు లేదు. ఆడపిల్లలు వెళ్ళినప్పుడు ఆయానే వీపు తిప్పి తలుపులా నిలబడుతుంది. అలాంటి బడికి, ఎవరూ అడక్కుండానే, టీవీలాంటి గోడంత తెర లారీలో వచ్చి దిగింది. వేలితో తాకితే బొమ్మలు కదులుతాయట. ఇంతవరకూ ఎవరూ తాకి చూడలేదు. పాడైతే జవాబు చెప్పుకోవలసింది తనే కదా అని హెడ్మాస్టరు దానికి దుప్పటి కప్పించాడు. కరెంటు ఉన్నప్పుడు దూరం నుంచి రిమోటు నొక్కి, మసకమసగ్గా కనిపించే బొమ్మలు కాసేపు చూపించి, మళ్ళీ కప్పించేవాడు.

ఆ మధ్యాహ్నం పై ఆఫీసరు దాన్ని చూడడానికి వస్తున్నాడు. అందుకే ఆయా పెందలాడే వచ్చింది.

ఒక రెక్క ఊడిన కిటికీలోంచి ఎండ లోపలికి జరిగి తెర మీద పడింది. అప్పుడు కనిపించింది గీత. కింది మూల నుంచి నడిమధ్య దాకా, వెంట్రుకంత సన్నగా.

ఆయా గుడ్డ కింద పెట్టింది. వేలు తడిచేసి రుద్దింది. పోలేదు. గోటి కొసతో తడిమింది. గోరు తగిలింది. తన చేతిని ఎవరి చెయ్యో అన్నట్టు చూసుకుంది. ఉబ్బిన వేలికి పాత ఉంగరం బిగుసుకుపోయి ఉంది. అదే గీరి ఉంటుందా? నిన్న తుడిచినప్పుడు లేదు కదా. నిన్న ఇంత ఎండ పడలేదు కదా.

పంపు దగ్గరికి పోయి వేలికి సబ్బు రుద్ది ఉంగరం లాగింది. వేలు ఎర్రబడిందే గానీ ఉంగరం కదల్లేదు.

పుట్టింట్లో ఏ గిన్నె పగిలినా, పాలు విరిగినా, ఆమె పక్కగదిలో ఉండి కూడా "నేనేనేమో" అనేది. అలా అంటే తిట్టు తొందరగా వచ్చి తొందరగా పోయేది. తిట్టు ఎప్పుడొస్తుందా అని కాచుకుని కూర్చోవడం కంటే అదే నయమనిపించేది. మొగుడు వడ్రంగి. కొయ్య చీలినా, ఉలి మొండిబారినా తల తిప్పి ఆమెవైపే చూసేవాడు. అతను పోయాక కొడుకింట్లో ఉంటోంది. కోడలు చెడ్డది కాదు, నోరెత్తి ఒక మాట అనదు. కానీ వంటింట్లో ఏదైనా చప్పుడైతే ఆ పిల్ల కళ్ళు ముందు అత్తనే వెతుకుతాయి.

బడిలో పిల్లలు ఆమెను 'అమ్మో ఆయా' అంటారు. బల్లి కనిపించినా, బంతి పక్కనుంచి దూసుకుపోయినా ఆమె గుండె మీద చెయ్యేసుకుని "అమ్మో" అంటుంది. వాళ్ళు పకపకా నవ్వుతారు. ఒక్కోసారి ఆ నవ్వు కోసమే, భయం లేకపోయినా అనేది.

హెడ్మాస్టరు వస్తూనే తెర చూశాడు. మనిషి తెల్లగా పాలిపోయాడు.

"ఎవరు చేశారిది?"

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయా నోరు దానంతటదే తెరుచుకుంది.

"నేనేనేమో సార్."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండును. మెడ వెనక చెమట తుడుచుకుంటూ తన గదిలోకి పోయి ఫోను పట్టుకున్నాడు. మాటలు నడవాలోకి స్పష్టంగా వినిపిస్తున్నాయి.

"మా ఆయా గీరేసింది సార్... చెప్పాను సార్, వందసార్లు చెప్పాను. చదువు లేని మనిషి... అలాగే సార్. తీసేస్తాను. ఇవాళే పనిలోంచి తీసేస్తాను."

ఆయన గొంతు వణుకుతోంది. ఆయనా భయపడుతున్నాడని ఆమెకు అర్థమైంది. అది తెలిశాక ఇంకా భయమేసింది.

ఆ తరవాత ఆమె ఏ పనీ ఆపలేదు. నడవా ఊడ్చింది. గంట కొట్టింది. ఆడపిల్లలకు తలుపులా నిలబడింది. ఎక్కడున్నా చెవులు మాత్రం రోడ్డు మీదే ఉన్నాయి. ఏ బండి చప్పుడైనా గేటు వైపు చూసేది. అన్నం డబ్బా విప్పి ఒక్క ముద్ద తిని మూత పెట్టేసింది.

రెండో తరగతి చిన్నది వచ్చి పక్కన కూర్చుంది. "ఆయా, ఇవాళ ఒక్కసారి కూడా అమ్మో అనలేదేం?"

"మర్చిపోయానమ్మా."

మధ్యాహ్నం జీపు వచ్చింది. ఆఫీసరు దిగాడు. వెనక పెద్ద సంచీతో యంత్రాలు బాగుచేసే మెకానిక్కు, కళ్ళజోడు పెట్టుకున్న నడివయసు మనిషి. హెడ్మాస్టరు వాళ్ళను గదిలోకి తీసుకుపోయి, అడగకముందే గుమ్మం వైపు వేలు చూపించాడు. "ఈవిడేనండీ."

ఆయా గోడకు ఆనుకుంది.

మెకానిక్కు కళ్ళజోడు పైకి నెట్టుకుని గీతను చూశాడు. తెర మూలను గోటితో గిల్లాడు. చర్రుమంటూ పెద్ద పొర ఒకటి ఊడి వచ్చింది. గీత దానితో పాటే పోయింది. కింద తెర నిగనిగలాడుతూ బయటపడింది.

"ఇది పైన అంటించి పంపే ప్లాస్టిక్ కాగితమండీ. బిగించిన రోజే పీకెయ్యాలి. మీరెవరూ తియ్యలేదా?"

ఆఫీసరు నవ్వాడు. పిల్లలు నవ్వారు. అందరికంటే గట్టిగా హెడ్మాస్టరు నవ్వాడు. కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా.

"ఏం ఆయా, ఊరికే హడలిపోయావు," అన్నాడు.

మెకానిక్కు స్విచ్చి వేశాడు. ఆకుపచ్చ రంగు గోడంతా పరుచుకుని వెలిగింది. పిల్లలు ఒకరి మీద ఒకరు పడుతూ వేళ్ళతో గీశారు. చిన్నది పరిగెత్తుకొచ్చి ఆయా చెయ్యి పట్టి లాక్కుపోయింది. ఆమె ఉంగరం వేలు మడిచి, చిటికెన వేలితో తాకింది. వేలి వెంట తెల్లని గీత సాగింది. భయంతో చెయ్యి తీసేసింది.

"ఏం కాదమ్మా, గీయండి," అని మెకానిక్కు అరచేత్తో తుడిచేశాడు. గీత మాయమైంది.

సాయంత్రం ఆఫీసరు జీపెక్కుతుంటే హెడ్మాస్టరు సాగనంపడానికి మెట్ల మీద నిలబడ్డాడు. ఆయా పక్కకొచ్చి నిలబడింది.

"రేపట్నించి రాను సార్."

"ఎందుకే?"

"భయమేస్తోంది సార్."

"ఇంకా దేనికి? గీత పోయిందిగా."

"గీతంటే కాదు సార్. రేపు ఇంకేది పాడైనా నేనేనేమో అంటాను, మీరు నమ్మేస్తారు."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. పొద్దున ఫోనులో అన్నదే గుర్తొచ్చిందో ఏమో, చూపు తిప్పుకున్నాడు. అంతలో జీపు హారన్ మోగింది. "రేపు మాట్లాడదాం," అని చేతులు జోడిస్తూ మెట్లు దిగాడు.

ఆయా లోపలికి వెళ్ళి స్టవ్ వెలిగించింది. తరవాత తరగతి గదులకు తాళాలు వేసి, వెనక గేటులోంచి బయటికి నడిచింది. కోడలికి ఏం చెప్పాలో తెలియదు. ఇంకెక్కడ పని దొరుకుతుందో తెలియదు. పొలాల మధ్య దారిలో కుక్క ఒకటి ఎదురొస్తే "అమ్మో" అంది, నవ్వేవాళ్ళెవరూ లేరు. అయినా ఆగలేదు, వెనక్కి చూడలేదు.

ఆఫీసరు జీపు దగ్గర చాలాసేపు నిలబెట్టి మాట్లాడాక, హెడ్మాస్టరు తన గదికి తిరిగి వచ్చేసరికి, బల్ల మీద సాసరు మూసిన టీగ్లాసు ఉంది. ఎప్పుడు పెట్టి వెళ్ళిందో, చల్లారిపోయి పైన మీగడ కట్టి ఉంది.