పగలని కుండ

శిరివెళ్ల దగ్గర రోడ్డు వెడల్పు చేస్తుంటే గట్టు కింద బండల పెట్టె ఒకటి బయటపడింది. కూలీలు దాన్ని రాకాసి గుడి అన్నారు. తవ్వకాల శాఖ తరఫున వచ్చిన శేషాద్రికి అది వేల ఏళ్లనాటి సమాధి. నంద్యాల నుంచి ఇక్కడిదాకా అలాంటివి చాలా కంకర కిందికి పోయాయి. ప్రతిచోటా ఆయనకు పెంకులే మిగిలాయి.

"పెంకుల కోసం రోడ్డు వంచలేనండీ," అన్నాడు ఇంజనీరు. "పగలని వస్తువు ఒక్కటి చూపించండి. గట్టు జోలికి రాకుండా పక్కనుంచి పోతాను."

ఆ మధ్యాహ్నం ఎముకల పక్కన దొరికింది. నల్లటి మూతి, ఎర్రటి అడుగు. ఎక్కడా చిన్న బీట కూడా లేని కుండ.

"రాకాసోళ్లది. మాకొద్దు సామీ," అని మేస్త్రీ కొండయ్య వెనక్కి జరిగాడు.

"రాకాసులు కాదయ్యా, మనలాంటి మనుషులే. ఈ నేలే దున్నుకున్నారు. చనిపోతే పక్కన కుండ పెట్టి పూడ్చారు."

"పగలగొట్టకుండానే పెట్టిరా?" అంది మట్టి మోసే దానమ్మ.

"అవును."

"అయ్యో!"

శేషాద్రి కుండ మీద గోనె కప్పి, సైకిలెక్కి ఇంజనీరు కోసం పోయాడు.

ఇద్దరూ కారు దిగేసరికి కొండయ్య తల నుంచి నీళ్లు కారుతున్నాయి. గుంత చుట్టూ నేల తడిసి ఉంది. మూత బండ మీద కుండ పెంకులు.

"ఎవరు చేశారిది?"

"నేనే సామీ. మనుషులేనంటివి గదా! కుండ పగలగొట్టేటోళ్లు లేక ఇన్నేండ్లు ఈడ్నే కాసుకోనుండారు పాపం. నీళ్లు నింపి, భుజాన పెట్టుకోని మూడు సుట్లు తిరిగినా. ఇంగ పోయింటార్లే."

"రాకాసోళ్లయితే మేమేల ముట్టుకుంటుమి?" అంది దానమ్మ.

ఇంజనీరు ఒక పెంకు తీసి చూసి, మళ్లీ బండ మీదే పెట్టాడు. "రేపు పొద్దున రోలరు వస్తుందండీ," అని కారెక్కాడు.

శేషాద్రి తిట్టబోయి ఆగాడు. అహోబిలంలో తండ్రి పోయినప్పుడు తనూ ఇలాగే కుండ మోశాడు. పెంకులు గోనెలోకి ఏరుకుని రోడ్డు వైపు నడిచాడు.

"అట్లే పోతాండావేంది సామీ? సావు కుండ ముట్టుకుంటివి. తానం చేసి పో," అంది దానమ్మ.

ఆయన గోనె దింపి, చొక్కా విప్పి, నీళ్ల పీపా పక్కన కూలబడ్డాడు. కొండయ్య చెంబు ముంచి ఆగాడు.

"నా సేత్తో నీళ్లు పొయ్యొచ్చునా సామీ?"

శేషాద్రి తల వంచాడు. "పొయ్యి."