రొట్టెల బండిలో నైన్ పడక

నైన్ పరాయి మంచం మీద పడుకోదు. వాళ్ళ భాషలో నానమ్మను నైన్ అనే పిలుస్తారు. పెళ్ళి చేసుకుని ఈ కొండమీది ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి వేరే కప్పు కింద కునుకు తీసిందే లేదు. కాన్పుకు ఆసుపత్రికి రమ్మంటే, నర్సునే బురదలో కొండెక్కించిన మనిషి. ఉత్తరాన ఆర్క్నీ దీవుల్లో ఒక జాలరిని చేసుకుని వెళ్ళిపోయిన చెల్లెలు మోర్ఫిద్ ఎన్నిసార్లు రమ్మని పిలిచినా, "మంచం నెత్తిన పెట్టుకుని రమ్మంటావా ఏమిటే?" అని ఫోనులో నవ్వేసేది.

ఈ వసంతంలో మోర్ఫిద్ మెట్ల మీద నుంచి పడి తుంటి విరగ్గొట్టుకుంది. ఇక ఆమె ఇటు వచ్చే వీల్లేదు. ఆ రోజు ఫోను పెట్టేశాక నైన్ నవ్వలేదు. కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు గొర్రెల వైపు చూసింది.

"అయితే మంచం మోసుకునే పోదాం నైన్" అన్నాడు మనవడు మాక్సెన్.

మాక్సెన్ కొండ దిగువన బాలా ఊళ్ళో గ్యారేజీలో పనిచేస్తాడు. ఒక రొట్టెల దుకాణం వాళ్ళు వదిలించుకున్న మూతబండి వాడి కంటపడింది. వెనక కిటికీల్లేని ఇనప డబ్బా. వారం తిరక్కముందే దాన్ని కొండ మీదికి తెచ్చాడు. తలుపు తీస్తే లోపల ఇంకా ఈస్టు వాసన. ఉన్ని కత్తిరింపులు అయ్యాక, గడ్డి కోతలకు ముందు, నైన్‌ను అందులో ఆర్క్నీ తీసుకెళ్ళాలని మాక్సెన్, వాడి చెల్లెలు లునెద్ అనుకున్నారు.

లునెద్‌కు పదహారేళ్ళు. పోస్టు తెచ్చేవాడు పలకరించినా తలుపు వెనక్కి జారుకునే పిల్ల. ఇంట్లో కూడా ఆ పిల్ల గొంతు వినిపిస్తే కుక్క తల ఎత్తి చూస్తుంది. కానీ కొలతలంటే ఇష్టం. బండి లోపలి పొడవు, వెడల్పు కొలిచి, కొట్టం నేల మీద అంతే సైజులో టేపు అంటించింది ఆ పిల్లే. నైన్ బూట్లతోనే ఆ గీతల మధ్య అడ్డంగా పడుకుంది. మాక్సెన్ సుద్దతో చుట్టూ గీశాడు.

"ఒరేయ్, శవానికి గీసినట్టు గీస్తున్నావేమిట్రా?"

"కదలకు నైన్. నువ్వు పొట్టిదానివి కాబట్టి సరిపోయింది. నాన్న అయితే కాళ్ళు బండి బయట వేలాడేవి."

"మీ నాన్న ఎక్కితే కదా!"

నైన్ కొడుకు ఇథెల్ ఆ బండి ఎక్కనే ఎక్కడని అందరికీ తెలుసు. బండి వచ్చిన రోజే గేటు దగ్గర నిలబడి చెప్పేశాడు. "ఆవిడ రెండుసార్లు కెటిల్ మాడబెట్టింది. ఎప్పుడో చచ్చిపోయిన కుక్క పేరుతో ఈ కుక్కను పిలుస్తోంది. ఇక్కడైతే నా కళ్ళముందు ఉంటుంది. రోడ్ల మీద ఏం చేస్తుందో ఎవరు చూస్తారు? నేను ఆ డబ్బాలో కాలు పెట్టను. ఒక్క తేడా వచ్చిందా, అది కోళ్ళగూడు అయిపోతుంది. చెప్తున్నా."

నైన్ ఆ మాటలు విని కూడా విననట్టు అంట్లు కడుక్కుంది. కానీ ఆ తర్వాత లునెద్ గమనించింది. కుక్కను పిలవబోయే ముందు నైన్ ఒక్క క్షణం ఆగుతోంది, పేరు సరిచూసుకుంటున్నట్టు.

పని మాత్రం ఆగలేదు. కొనేవాళ్ళు లేక కొట్టంలో గుట్టగా పడి ఉన్న ఉన్నిని ఉతికి, పురుగు పట్టకుండా మందు నీళ్ళలో ముంచి, ఆరబెట్టి, బండి గోడల్లో కూరారు. పైన పలకలు బిగించారు. ఆ కొండ మీద ఉన్నితో గోడలు నింపడం ఎవరికీ నేర్పనక్కర్లేదు. ఏ ఇంట్లో ఎక్కడ గాలి దూరినా చిటికెడు ఉన్ని మెలిపెట్టి అక్కడ కుక్కేస్తారు. కిటికీ చెక్కల్లో, తలుపు సందుల్లో, పాత తాళంకన్నాల్లో. నైన్ అయితే నడుస్తూ నడుస్తూనే కుక్కుతుంది. ఆవిడ జేబులో రుమాలు ఉండకపోవచ్చు గానీ ఉన్ని ఉంటుంది.

నైన్ సొంత మంచాన్ని కోసి, కాళ్ళు పొట్టి చేసి, బండి వెనక భాగంలో అడ్డంగా బిగించారు. కాళ్ళు పెట్టే వైపు, మంచం కిందే, గ్యాసు బండకు ఒక చెక్కపెట్టె. ఆ పెట్టె అడుగున, బండి నేలగుండా కిందికి, మాక్సెన్ డ్రిల్లుతో పెద్ద బెజ్జం వేశాడు. నైన్, లునెద్ పక్కనే నిలబడి చూశారు.

"ఉన్న బండికి చిల్లు పెట్టడమేమిట్రా?" అంది నైన్.

"ఈ గ్యాసు పైకి పోదు నైన్. నీళ్ళలా కిందికి దిగుతుంది. ఎక్కడైనా కారితే ఈ దారిన బయటికి పోవాలి. దీన్ని మాత్రం ఎప్పుడూ మూయకూడదు. విన్నావా?"

"విన్నానయ్యా. మీ తాత కూడా అంతే, జీవితంలో పైకొచ్చిందే లేదు" అంది నైన్. ముగ్గురూ నవ్వుకున్నారు.

పెట్టె మూత చుట్టూ వేయాల్సిన రబ్బరు అంచు ఇంకా రాలేదు. గ్యాసు వాసన పట్టి అరిచే అలారం కూడా రాలేదు. రెండూ సోమవారం వస్తాయి. మంగళవారం ప్రయాణం. శనివారం సాయంత్రం మాక్సెన్ హడావుడిగా బండ తెచ్చి పెట్టెలో దింపి, పొయ్యికి గొట్టం కలిపి, ఒకసారి వెలిగించి చూశాడు. నీలంగా మండింది. సంతోషంతో లునెద్ చేతులు చరిచింది. పొయ్యి ఆర్పి, తలుపులు మూసి, వానలో తడుస్తూ ఇంట్లోకి పరుగెత్తారు.

ఆదివారం ప్రార్థన నుంచి రాగానే నైన్ తన నల్లకోటుతోనే బండెక్కింది. మొదటి టీ తానే పెట్టాలట. మాక్సెన్ కప్పులు పట్టుకుని పొయ్యి పక్కన ఇరుక్కుని నిలబడ్డాడు. వాన జల్లు లోపలికి కొడుతోందని తలుపు లాగేశాడు. లునెద్ మంచం మీద కూర్చుంది. లోపలంతా వార్నిష్ వాసన, తడి కోట్ల వాసన, గోడల్లోంచి గొర్రెల వాసన.

"ఏమే పిల్లా, ఆ కింద బిస్కెట్ల డబ్బా అందుకో" అంది నైన్, అగ్గిపెట్టె తీస్తూ.

లునెద్ మంచం మీద నుంచి కిందికి వంగింది. నేల దగ్గర గాలి వేరేగా ఉంది. కుళ్ళిన క్యాబేజీ వాసన గుప్పుమని ముక్కుకు కొట్టింది. పైన కూర్చున్నప్పుడు ఇది లేదు. ఇక్కడ, అడుగున, నీళ్ళు నిలిచినట్టు నిలిచి ఉంది.

వద్దు అనాలి. నోరు తెరిచింది. గొంతులోంచి ఏమీ రాలేదు. ఎప్పుడూ అంతే, కావలసినప్పుడు రాదు. నైన్ పుల్లను అగ్గిపెట్టె అంచుకు ఆనించింది. లునెద్ లేచి, తన బలమంతా పెట్టి నైన్ మణికట్టు మీద కొట్టింది.

అగ్గిపెట్టె ఎగిరి గోడకు తగిలింది. పుల్లలు నేలంతా చెదిరాయి.

"నీకేమైనా పిచ్చి పట్టిందా?" అన్నాడు మాక్సెన్. ఆ వెంటనే వాడు కూడా వంగాడు. వాడి మొహంలో రంగు పోయింది. "బయటికి! నైన్, దిగు! దేన్నీ ముట్టుకోకు, దిగు!"

ముగ్గురూ వానలో పెరట్లో నిలబడ్డారు. బండి తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. ఏమీ కాలలేదు, ఏమీ పేలలేదు. కోళ్ళు ఎప్పటిలాగే బురదలో గీకుతున్నాయి. లునెద్‌కు తన పళ్ళు టకటకమని కొట్టుకోవడం వినిపించింది. నైన్ తన చేతిని వేరెవరిదో అన్నట్టు చూసుకుంటోంది.

చాలాసేపు గాలి ఆడనిచ్చాక మాక్సెన్ లోపలికి వెళ్ళి బండ కట్టేశాడు. గొట్టం అతుకు మీద సబ్బునీళ్ళు పోసి ఒక్కసారి తెరిచి చూస్తే బుడగలు వచ్చాయి. సరిగా బిగించలేదు. "నా తప్పే. నిన్ననే సబ్బునీళ్ళతో చూసి ఉండాల్సింది" అన్నాడు. "కానీ కారింది కిందికి పోవాలిగా. బెజ్జం ఉందిగా. ఎందుకు పోలేదు?"

బురదలో వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరాడు. బయటికి వచ్చినప్పుడు వాడి వేళ్ళ మధ్య తెల్లటి ఉన్ని ఉంది. బొటనవేలంత లావున, గట్టిగా మెలిపెట్టి.

లునెద్ కళ్ళు, మాక్సెన్ కళ్ళు ఒకేసారి ఒకే మనిషి మీదికి వెళ్ళాయి. అలా చూసినందుకు లునెద్‌కు ఆ క్షణంలోనే సిగ్గేసింది. అయినా చూపు తిప్పుకోలేకపోయింది.

నైన్ ఆ ఉన్నిని చూసింది. "నేనా?" అంది.

"నువ్వు పక్కనే ఉన్నావు నైన్. మూయకూడదని చెప్పాను కదా. తాత గురించి జోకు కూడా వేశావు."

"వేశాను. అది గుర్తుంది." నైన్ నుదురు ముడిచింది. ఏదో గదిలో వెతుకుతున్నట్టు కళ్ళు అటూ ఇటూ కదిలాయి. "కుక్కడం గుర్తులేదు. నేనే అయ్యుంటాను. ఈ పని ఇంకెవరు చేస్తారు?"

ఆ మాట వినగానే లునెద్‌కు భయం వేసింది. లోపల, పొయ్యి ముందు, అంత భయం వేయలేదు. నైన్ చెయ్యలేదనైనా అనలేదు, చేశాననైనా అనలేదు. చేసి ఉంటానని అంది. తన బుర్ర మీద తనకే నమ్మకం లేనట్టు.

నైన్ వెళ్ళి గొర్రెల తొట్టి అంచున కూర్చుంది. ఆదివారం కోటు తడుస్తోందని కూడా చూసుకోలేదు.

"మీ ఇద్దర్నీ చంపేసేదాన్ని" అంది మెల్లగా. "నా మంచం దించెయ్యండి."

"నైన్, రబ్బరు వస్తుంది, అలారం వస్తుంది..."

"దించమన్నానా లేదా? మోర్ఫిద్‌కు నేను చెప్పుకుంటాను."

మాక్సెన్ మంచం మరలు విప్పాడు. పరుపును లునెద్ ఒక వైపు పట్టుకుంది. వాన కాస్త తగ్గింది. పరుపు సగం తలుపులో ఉండగా ఇథెల్ కొండ మీద నుంచి దిగి వచ్చాడు, వెనక కుక్కతో.

"ఏమైంది? ఎందుకు దించుతున్నారు?"

మాక్సెన్ చెప్పాడు. అతుకు సంగతి దాచలేదు. అగ్గిపుల్ల సంగతి చెప్పేటప్పుడు ఇథెల్ చెయ్యి వెళ్ళి గేటును పట్టుకుంది. ఉన్ని సంగతి చెప్పేటప్పుడు మాక్సెన్ గొంతు తగ్గించాడు, తొట్టి దాకా వినిపించకూడదని. వినిపించింది.

"నేనేరా" అంది నైన్ కొడుకుతో. "నువ్వు ముందే చెప్పావు. నన్ను ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. ఇక ఎక్కడికీ పోను. నీ కోళ్ళగూడు నీకు దొరికింది."

లునెద్ తండ్రి మొహాన్నే చూస్తోంది. ఆయన అడిగిందంతా ఆయన కాళ్ళ దగ్గరికి వచ్చి పడింది. తల్లి ఇంట్లోనే ఉంటుంది, కళ్ళముందే ఉంటుంది, తన నోటితో తానే ఒప్పుకుంది. ఆయన ఊరికే తలాడిస్తే చాలు. కానీ ఆ మొహం గెలిచినవాడి మొహంలా లేదు. సున్నం కొట్టినట్టు ఉంది.

"ఆ ఉన్ని ఇటివ్వు" అన్నాడు. అరచేతిలో పెట్టుకుని చూశాడు. "అమ్మా, ఇది నువ్వు కాదు."

"నేను కాకపోతే ఎవరు? దెయ్యమా?"

"నేను."

పరుపు లునెద్ చేతుల్లోంచి జారింది.

"శుక్రవారం మీరు కర్టెన్ల గుడ్డకు ఊళ్ళోకి వెళ్ళారు చూడు, అప్పుడు. వానగా ఉంది. ఊరికే..." ఇథెల్ చేతిలోని ఉన్నిని వేళ్ళతో నలిపాడు. "ఊరికే ఎక్కాను. నీ మంచం మీద పడుకుని చూశాను. నీకు ఎలా ఉంటుందో అని. పాదాలకు చలిగాలి కొట్టింది. నీ కాలివేళ్ళకు చలి పడదు కదా. మూత ఎత్తి చూస్తే ఖాళీ పెట్టె, అడుగున చిల్లు. డ్రిల్లు తప్పి పడిందేమో అనుకున్నాను. బండ అక్కడ పెడతారని నాకేం తెలుసు? జేబులో ఉన్న ఉన్ని కుక్కేశాను."

మాక్సెన్ స్పానరు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. చలి కొట్టకూడదని చిటికెడు ఉన్ని పెట్టిన చెయ్యి. దానివల్లే ఈపాటికి ఆ ముగ్గురూ లేకుండా పోయేవాళ్ళు. ఆ రెండు సంగతులూ లునెద్ తలలో ఒకచోట ఇమడలేదు.

నైన్ తొట్టి మీద నుంచి లేచింది. నడుచుకుంటూ వచ్చి, తనకంటే రెండింతలున్న కొడుకు ఛాతీ మీద పిడికిలితో గుద్దింది.

"ఒరేయ్ ఎద్దూ! మధ్యాహ్నం నుంచి నా బుర్ర పోయిందనుకుంటున్నానురా! చెల్లెలికి ఏం చెప్పాలా అని ఏడుస్తున్నానురా! కాలు పెట్టనన్నవాడివి, పడుకుని కూడా చూశావా?"

"చూశాను."

"బూట్లతోనా?"

"విప్పాను" అన్నాడు ఇథెల్, చిన్నపిల్లాడిలా.

నైన్ ఇంకో గుద్దు గుద్దింది, ఈసారి మెల్లగా. ఆ తర్వాత ఆవిడ చెయ్యి అక్కడే, ఆ తడికోటు మీదే, ఉండిపోయింది. ఇథెల్ దాన్ని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. మణికట్టు దగ్గర ఎర్రగా కందింది.

"ఇదేమిటి?"

"నీ కూతురు కొట్టింది. కొట్టబట్టే బతికాం."

ఇథెల్ కూతురి వైపు చూశాడు. ఏదో అనబోయి అనలేకపోయాడు. ఆ ఇంట్లో మాటలు గొంతులో ఇరుక్కునేది ఒక్క లునెద్‌కే కాదని ఆ పిల్లకు అప్పుడు తెలిసింది.

"మంచం లోపల పెట్టండి" అంది నైన్. "మంగళవారం వెళ్తున్నాం."

"అమ్మా..."

"నా బుర్ర ఎక్కడికీ పోలేదు. నీదే పోయింది. పట్టు, ఆ చివర పట్టు."

ఇథెల్ వంగి బురదలోంచి పరుపు ఎత్తాడు. బూట్లు విప్పి గుమ్మం దగ్గర వదిలేసి బండెక్కాడు. మాక్సెన్ ఒక్కొక్క మరా బిగిస్తుంటే, పరుపు కిందికి జారకుండా భుజంతో ఆనుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత, ఎవరి వైపూ చూడకుండా, ఆ బండి గురించి మొదటిసారి ఒక ప్రశ్న అడిగాడు.

"మొదటి రాత్రి ఎక్కడ ఆగుతారు?"

మాక్సెన్ నోరు తెరిచేలోపే లునెద్ చెప్పడం మొదలుపెట్టింది.