గ్లెన్ గారి గుమ్మడి పేస్ట్రీలు

"అదెంత పని ట్రూడీ! పిండి పొర పరచడం, గుమ్మడి పెట్టడం, మడవడం, ఓవెన్లోకి తొయ్యడం. చిన్నపిల్లలు కూడా చేస్తారు," అన్నాడు గ్లెన్, సోఫాలోంచి లేవకుండానే.

రేపు పొద్దున బోస్మా గారి యాపిల్ తోటలో అతను ఆ పని చేసి చూపించాలి. ఒక్కసారి పక్కన నిలబడి చూడమని ట్రూడీ మూడోసారి పిలిచింది. ఫుట్‌బాల్ ఆట అయ్యాక చూస్తానన్నాడు. ఆట అయ్యేసరికి పేస్ట్రీలూ అయ్యాయి. వచ్చి రెండు తిని, బాగున్నాయని చెప్పి పడుకున్నాడు.

సులువైన వంటే, కాదని ఎవరన్నారు? కానీ పని నుంచి ఇంటికి రాగానే, కోటు విప్పకముందే పొరల్ని ఫ్రీజర్లోంచి తీసి బయటపెట్టాలి. మెత్తబడితే చేతికంటుకుంటాయి, గట్టిగా ఉంటే విరుగుతాయి. గుమ్మడి గుజ్జుని బట్టలో వేసి నీళ్ళు పిండాలి. పంచదార, దాల్చినచెక్క, శొంఠి, కాస్త జాజికాయ వేసి దగ్గరపడేదాకా కలపాలి. అది చల్లారేలోగా గ్లెన్ చొక్కాలు ఉతకడానికి వెయ్యాలి, కుక్కకి తిండి పెట్టాలి, అత్తగారి మందులు తెచ్చి ఇవ్వాలి. ఆ తర్వాత పేస్ట్రీలు మడిచి, అంచులు ఫోర్కుతో నొక్కి, పైన గుడ్డు సొన రాసి ఓవెన్లో పెట్టాలి. అవి పొంగి బంగారు రంగుకొచ్చి ఇల్లంతా ఘుమఘుమలాడుతుంటే ఆ వాసన మాత్రం అందరిదీ. జిడ్డు ట్రేలు ఆమెవి. ఇన్ని పనుల్నీ కలిపి ఒక్క మాటలో 'సులువు' అనెయ్యగలిగేది, వాటిలో ఒక్కటీ చెయ్యనివాడే.

వాళ్ళ చర్చిలో ఏటా అక్టోబరులో పంటల విందు జరుగుతుంది. అందులో మగవాళ్ళకి ప్రత్యేకంగా వంటల పోటీ. వండేది భార్యలని ఊరందరికీ తెలుసు, అదొక సరదా. పక్కింటి పీట్ అయితే బహుమతి వచ్చినప్పుడు, "మా ఆవిడ చలవేనర్రా!" అని పకపకా నవ్వేశాడు. గ్లెన్ అలా కాదు. వరసగా మూడేళ్ళు మొదటి బహుమతి నీలం రిబ్బను గెలిచి, ఎలా చేశావని ఎవరైనా అడిగితే కన్నుగీటి, "ఆ రహస్యం నాతోనే పోతుందండోయ్" అంటాడు. చెప్పగా చెప్పగా తనే నమ్మేశాడు. ఊరూ నమ్మేసింది.

ట్రూడీ పనిచేసే దంతవైద్యుడి ఆఫీసులో కుర్రపిల్లలు, "ఎంత అదృష్టమండీ మీది! మా ఆయనకి టీ కాచడం కూడా రాదు" అంటారు. అత్తగారు వినిఫ్రెడ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. "వాడికి అచ్చం నా చెయ్యే వచ్చింది. నీకెన్నాళ్ళు నేర్పినా రాలేదు కదమ్మా," అంటూ కోడలు చేసిన పేస్ట్రీనే కోడలి ఎదుట కూర్చుని కొరుక్కు తింటుంది.

"ఒక్కసారి నా పేరు చెప్పకూడదా?" అని పోయినేడు అడిగింది ట్రూడీ.

"మగవాళ్ళ పోటీలో నీ పేరెందుకు? ఇంత చిన్నదానికి ఏడుపేమిటి? మనిద్దరం ఒకటి కాదూ?"

ఒకటేనట! ఆ ఒకటి ఎప్పుడూ గ్లెనే ఎలా అవుతాడో మరి.

ఈ ఏడు విందులో బోస్మా గారు ఆ పేస్ట్రీ రుచి చూసింది. పెద్దావిడ, భర్త పోయాక తోటంతా ఒక్కతే చూసుకుంటోంది. "గ్లెన్ గారూ, శని, ఆదివారాలు మా తోట దుకాణంలో ఇవి చేసే మనిషి కావాలి. పెద్ద వంటగది ఉంది, మంచి జీతమిస్తాను" అంది. వెనక బల్లలు తుడుస్తున్న ట్రూడీ గుడ్డ పక్కన పెట్టి తలెత్తింది. ఆ వంటగది ఆమెకి తెలుసు. యాపిల్ రసం కొనడానికి వెళ్ళినప్పుడల్లా దాని కిటికీ దగ్గర కాసేపు ఆగి, పొడవాటి చెక్కబల్లనీ రెండు ఓవెన్లనీ చూసుకుని వచ్చేది. అలాంటి చోట, ఎవరి అరుపులూ వినబడని చోట, రోజంతా తన చేతులతో తను పనిచేసుకుంటే ఎలా ఉంటుందోనని ఎన్నోసార్లు అనుకుంది. ఆమె నోరు విప్పేలోగానే గ్లెన్ "తప్పకుండా!" అనేశాడు.

కారులో కూర్చున్నాక, "నువ్వు వండు, దుకాణంలో నేనుంటాను. జనంతో మాట్లాడటం నీకు చేతకాదు" అని పంపకం కూడా చేసేశాడు.

బోస్మా గారు తెలివైనది. ముందు తన వంటగదిలో, తన కళ్ళ ముందు ఒక వాయి చేసి చూపించమంది.

శనివారం పొద్దున గ్లెన్ కొత్త ఏప్రన్ కట్టుకుని బల్ల ముందు నిలబడ్డాడు. అరలో గుమ్మడి డబ్బాలు రెండు రకాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి ఉత్త గుజ్జు. రెండోది 'పై' అనే తీపి వంటకం కోసం పంచదార, మసాలా ముందే కలిపిన జారు గుజ్జు. డబ్బాలు చూడటానికి కవలపిల్లల్లా ఉంటాయి. ఏ ఇంట్లోనైనా అక్టోబరులో వంట చేసే మనిషి డబ్బా మీద పేరు చదవకుండా మూత తెరవదు. గ్లెన్ రెండోది తీశాడు. దాని మీద మళ్ళీ పంచదార పోశాడు, మళ్ళీ మసాలా గుప్పించాడు.

పక్కనే నిలబడ్డ ట్రూడీ నోరు తెరిచింది. ఇన్నేళ్ళూ అతని పరువు కాపాడటానికి తెరుచుకున్న నోరే అది. అతను మరిచిపోయిన పేర్లు చెవిలో చెప్పింది, వాళ్ళమ్మ పుట్టినరోజులు గుర్తుచేసింది, అతని అబద్ధాలకి నవ్వుతూ తలూపింది. ఇప్పుడు 'ఆ డబ్బా కాదు' అంటే చాలు, పేస్ట్రీలు కుదురుతాయి, ఈ వంటగది గ్లెన్‌దవుతుంది, చాకిరీ తనదవుతుంది. చెప్పకపోతే ఈ వంటగది ఎవరికీ దక్కదు. ఏం చేసినా పోయేది తనదే! పోతే పోనీ అనుకుంది. నోరు మూసుకుని, స్టూలు లాక్కుని కూర్చుంది.

ఓవెన్లో ఒక్కొక్కటే పగిలాయి. పాకం కారి ట్రే మీద మాడి పొగలొచ్చాయి. బోస్మా గారు ఒక ముక్క కొరికి, మొహం చిట్లించి, కాగితంలో ఉమ్మేసింది.

"గ్లెన్ గారూ, ఆ రోజు మీరు పెట్టినవి ఇవేనా?"

గ్లెన్ చెమట తుడుచుకున్నాడు. అటూ ఇటూ చూసి, స్టూలు మీదున్న భార్యని చూపించాడు.

"నాకేం తెలుసండీ? ఎప్పుడూ చేసేది మా ఆవిడే. నాకు సరిగ్గా నేర్పి చావలేదు."

మూడేళ్ళుగా ట్రూడీ ఎదురుచూసిన మాట అది. రిబ్బన్లు వచ్చినప్పుడు రాలేదు, చప్పట్లు కొట్టినప్పుడు రాలేదు, పేస్ట్రీలు మాడాక వచ్చింది. పొగడ్త అతనిదీ, మాడు ఆమెదీ! ఆమెకి నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది.

"విన్నారుగా బోస్మా గారూ," అంది లేచి నిలబడుతూ. "చేసేది నేనే. ఈ వాయి మాత్రం నాది కాదు."

బోస్మా గారు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "అయితే నువ్వు చేస్తావా అమ్మా? ఇప్పుడే?"

"చేస్తానండీ. నా పేరు ట్రూడీ. నా పేరు మీదే చేస్తాను, ఒక్కదాన్నే చేస్తాను. కాకపోతే ట్రే ఒక్కటే ఉన్నట్టుంది. ముందు ఆయన్ని అది కడగనివ్వండి."

గ్లెన్ నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు. మాడిన ట్రే పట్టుకుని సింకు దగ్గరికి వెళ్ళాడు. చేతులు తడుపుకుని, చుట్టూ చూసి, అలవాటు కొద్దీ వెనక్కి తిరిగాడు.

"ట్రూడీ, పీచెక్కడుంది?"

ఆ వంటగదిలోకి ఆమె కూడా అడుగుపెట్టడం అదే మొదటిసారి.

"వెతుక్కో," అంది.